పేరున్న శీర్షిక, పూత పూసిన శీర్షిక

వర్డ్ ప్రాసెసర్ అనే పనిముట్టు నేడు పాఠశాలకు కొత్తది కాదు. ప్రశ్నపత్రాలు, పాఠాల నోట్సులు, ప్రయోగశాల సూచనలు, సమావేశాల తీర్మానాలు దానిపైనే తయారవుతున్నవి. ఐతే పనిముట్టు చేతికి రావటం వేరు, దాని ధర్మం తెలిసి వాడుకోవటం వేరు. కాగితంపై పాఠం పేరు రాసి కింద రెండు గీతలు గీసినట్లే, కంప్యూటర్‌పై కూడ పాఠం పేరును ఎంపికచేసి, బోల్డ్ మీట నొక్కి, సైజును 16కు పెంచి, పంక్తిని నడుమకు జరిపి, శీర్షిక సిద్ధమైనదని భావించటం పరిపాటిగా ఉన్నది. చూసే కంటికి అది శీర్షికే. కాని కంప్యూటర్ దృష్టిలో అది శీర్షిక కాదు. లావుగా, పెద్దగా ఉన్న మరొక పంక్తి మాత్రమే. ఈ చిన్న భేదం నుంచి ఎంత వృథాశ్రమ, ఎంత చిక్కు, కొందరు విద్యార్థుల విషయంలో ఎంత అన్యాయం పుట్టుకువస్తున్నదో పరిశీలించటం అవసరం. ఇందులో దోషం కొంత వాడేవారిది, కొంత నేర్పేవారిది, కొంత ఆ పనిముట్టును తయారుచేసినవారిది.

రెండు మార్గాలు

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో గాని, ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ రైటర్‌లో గాని ఒక పంక్తిని శీర్షికగా దిద్దటానికి రెండు మార్గాలున్నవి. మొదటిది చేతి ఫార్మాటింగ్. ఇందులో ఫాంటు, సైజు, లావు, రంగు, పైనా కిందా ఖాళీ - వీటిని ఆ పంక్తికి ఒక్కొక్కటిగా తగిలిస్తారు. రెండవది స్టైలు. ఇందులో ఆ పంక్తికి రూపాన్ని ఇవ్వరు, పేరు పెడతారు. 'హెడింగ్ 1' అనేది అట్టి పేరు. ఆ పేరు గల పంక్తి ఏ రూపంలో ఉండాలో పత్రంలో మరొకచోట, ఒకే ఒక్కసారి నిర్ణయించబడి ఉంటుంది. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1 మీటలను కలిపి నొక్కినా, రైటర్‌లో కంట్రోల్, 1 మీటలను కలిపి నొక్కినా పంక్తికి ఆ పేరు పడుతుంది.

భౌతికశాస్త్రం చదివేవారికి ఈ భేదం అపరిచితమైనది కాదు. గురుత్వ త్వరణాన్ని 'జి' అనే గుర్తుతో సూచిస్తారు. లెక్క మొదటి పంక్తిలోనే ఆ గుర్తు స్థానంలో 9.8 ప్రతిక్షేపించిన విద్యార్థి, తరువాత 9.81 తీసుకోవలసివస్తే ప్రతి పంక్తినీ కొట్టివేసి తిరిగి రాసుకోవాలి. గుర్తును చివరివరకు నిలుపుకొన్న విద్యార్థికి ఒక్కచోట మార్పు చాలు. స్టైలు ఆ గుర్తు వంటిది. చేతి ఫార్మాటింగ్ తొందరపడి ప్రతిక్షేపించిన అంకె వంటిది. గుర్తులను చివరిదాకా ఉంచుకోవాలని తరగతిలో పదేపదే చెప్పే ఉపాధ్యాయుడే, ఆ సాయంకాలం నోట్సు తయారుచేసేటప్పుడు మొదటి పంక్తిలోనే అంకెను ప్రతిక్షేపించటం విచిత్రంగా తోస్తుంది.

శ్రమ ఎంతో లెక్కవేసి చూడవచ్చు. ఒక నోట్సులో 12 పాఠాలు, ఒక్కొక్క పాఠంలో 5 ఉపశీర్షికలు ఉన్నవనుకొందాం. పాఠాల పేర్లు 12, ఉపశీర్షికలు 60, మొత్తం 72. ఒక్కొక్కదానికి లావు, సైజు, పైన ఖాళీ, కింద ఖాళీ అని నాలుగు పనులు చేస్తే 288 పనులు. స్టైలుతో 72 పేర్లు పెట్టి, రెండు పేర్లకు రూపం నిర్ణయిస్తే చాలు. అసలు తేడా ఆ తరువాత బయటపడుతుంది. కాగితం ఖర్చు తగ్గించటానికి ఉపశీర్షికల సైజును 14 నుంచి 13కు దించాలనుకొంటే, చేతి ఫార్మాటింగ్‌లో 60 చోట్ల మార్చాలి, స్టైలులో ఒక్కచోట. పైగా 57 చోట్ల మార్చి 3 చోట్ల మరచిపోవటం మానవసహజం. అచ్చయిన తరువాత గాని ఆ మూడూ కంటబడవు.

పేరు వలన మరికొన్ని ప్రయోజనాలు కూడ ఉన్నవి. శీర్షికలకు పేర్లుంటే విషయసూచిక పుటసంఖ్యలతో సహా తనంతట తానే తయారవుతుంది. వర్డ్‌లో నావిగేషన్ పేన్‌లోను, రైటర్‌లో నావిగేటర్‌లోను శీర్షికలన్నీ జాబితాగా కనిపిస్తవి. అందులో ఒక శీర్షికను పట్టుకొని పైకి జరిపితే దాని కిందనున్న పాఠం యావత్తూ జరుగుతుంది. శీర్షిక పుట అడుగున ఒంటరిగా మిగిలిపోయి, దాని మొదటి పేరా మరుసటి పుటకు పోకుండా కాపాడే నియమం హెడింగ్ స్టైళ్ళలో ముందుగానే ఇమిడి ఉన్నది. ఈ పనికోసం ఎంటర్ మీటను ఐదారుసార్లు నొక్కేవారు, ఆ పత్రాన్ని మరొక కంప్యూటర్‌పై తెరిచినప్పుడు ఖాళీలు పుట నడుమకు వచ్చి పడటం చూసి విస్తుపోతారు. ఫాంటు మారితే పంక్తులు పెరుగుతవి, తరుగుతవి. ఎంటర్ మీటతో చేసిన లెక్క అక్కడ నిలవదు.

ఈ ఆలోచన చరిత్ర

ఇది నిన్నటి ఆలోచన కాదు. సీసపు అక్షరాల కాలంలోనే పుస్తకపు పని ఇద్దరి మధ్య పంచబడి ఉండేది. ఏది అధ్యాయం పేరో, ఏది పాదసూచికో రచయిత తెలిపేవాడు. దానికి ఏ సైజు టైపు వాడాలో అచ్చుకూటంవారు నిర్ణయించేవారు. కంప్యూటర్ రంగంలో ఈ పని విభజనను స్పష్టంగా ప్రతిపాదించినవాడు విలియం టన్నిక్లిఫ్. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో జరిగిన సమావేశంలో, పత్రంలోని విషయాన్ని దాని రూపం నుంచి వేరుచేయాలని ఆయన వాదించాడు. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో ఛార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనే ముగ్గురు, పత్రభాగాలకు పేర్లు పెట్టే జి.ఎం.ఎల్. అనే పద్ధతిని రూపొందించారు. ఆ మూడక్షరాలు వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే కావటం ఒక విశేషం. ఆ పద్ధతి నుంచి వికసించిన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఈ మధ్యకాలంలోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ 'స్క్రైబ్' అనే ప్రోగ్రామును నిర్మించి, దానిపై 1980లో తన పరిశోధనవ్యాసం సమర్పించాడు. అందులో రచయిత పత్రభాగాలకు పేర్లు మాత్రమే రాస్తాడు. రూపం సంగతి యంత్రం చూసుకొంటుంది.

దీనికి సమాంతరంగా మరొక ప్రవాహం సాగింది. 1974లో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాకేంద్రంలో బట్లర్ లాంప్సన్, ఛార్లెస్ సిమొన్యీలు 'బ్రావో' అనే ప్రోగ్రామును తయారుచేశారు. కాగితంపై అచ్చయ్యే రూపమే తెరపై కనబడటం దాని ప్రత్యేకత. సిమొన్యీ 1981లో మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరాడు. 1983లో వర్డ్ వెలువడింది. ఆ తొలిరోజులలోనే వర్డ్‌లో స్టైళ్ళ సదుపాయం ఉన్నది. అంటే పేరు పెట్టే ప్రవాహమూ, కంటికి చూపే ప్రవాహమూ ఆ పనిముట్టులో కలుసుకున్నవి. కాని ఆ సంగమంలో రెండింటికీ సమాన గౌరవం దక్కలేదు. కంటికి వెంటనే ఫలితం చూపే మార్గమే జనానికి అలవాటైనది.

వెబ్ పుటల రంగంలో కూడ ఇదే పొరపాటు జరిగింది. 1990 తరువాతి సంవత్సరాలలో వెబ్ పుటలు తయారుచేసేవారు ప్రతి పదానికీ రంగును, సైజును చేతితో తగిలించసాగారు. 1994లో హోకన్ వియుం లీ రూపనియమాలను వేరుగా రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. అదే సి.ఎస్.ఎస్. అనే పేరుతో 1996 డిసెంబరులో ప్రమాణమైనది. నేడు వెబ్ పుటలు నిర్మించేవారు పాత పద్ధతిని తప్పుగా పరిగణిస్తారు. వృత్తిరీత్యా కోడ్ రాసేవారు దిద్దుకొన్న తప్పును, అదే కంప్యూటర్‌పై ఉత్తరాలు, నోట్సులు రాసేవారు మాత్రం ఇంకా కొనసాగిస్తున్నారు.

పనిముట్టులోని లోపం

దీనికి వాడేవారిని మాత్రమే నిందించటం న్యాయం కాదు. పనిముట్టు తన ఉపయోగాన్ని తానే చెప్పాలి. 2007లో వర్డ్‌కు వచ్చిన రిబ్బన్ అమరికలో మొదటి పలక తెరవగానే ఎడమవైపు ఫాంటు, సైజు, బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ గుర్తులు కనిపిస్తవి. స్టైళ్ళు వాటికి కుడివైపున, దూరంగా ఉన్నవి. తెర ఇరుకైతే ఆ వరుస మరింత ముడుచుకుపోతుంది. వాకిట్లో సున్నపు బకెట్టు పెట్టి, ఇంటి ప్లానును అటక మీద దాచినట్లున్నది ఈ ఏర్పాటు. ఈ విషయంలో రైటర్ కొంత మెరుగు. దాని పట్టీలో పేరా స్టైలు గడి అన్నిటికంటె ఎడమవైపు, ఫాంటు పేరుకంటె ముందు ఉన్నది. పేరాలకు, అక్షరాలకు, జాబితాలకు మాత్రమే కాక పుటలకు కూడ స్టైలు పెట్టే సదుపాయం అందులో ఉన్నది. వర్డ్‌లో పుటలకు స్టైలు లేదు. ఆ పనికి సెక్షన్ అనే వేరొక ఏర్పాటును ఆశ్రయించాలి.

రెండవ లోపం మరింత సూక్ష్మమైనది. పత్రంలో రూపనియమాలు పొరలు పొరలుగా ఉంటవి. అడుగున పత్రమంతటికీ చెందిన మూలనియమాలు, వాటిపై పేరా స్టైలు, దానిపై అక్షరాల స్టైలు, అన్నిటికీ పైన చేతి ఫార్మాటింగ్. పై పొరలో ఏది ఉంటే అదే చెల్లుతుంది. ఇంటి గోడకు రంగు మార్చినా, గోడపై అంటించిన కాగితం రంగు మారదు కదా. చేతితో 16 సైజు తగిలించిన శీర్షికకు, స్టైలులో 14 అని మార్చినా ఫలితం కనిపించదు. 'స్టైళ్ళు పనిచేయవు' అనే ఫిర్యాదులో చాలాభాగం ఈ పై పొర వలన పుట్టినదే. ఐతే ఆ పొర ఉన్నదనే సంగతిని తెర సామాన్యంగా చూపదు. లావుగా ఉన్న రెండు శీర్షికలలో ఏది పేరున్నదో, ఏది పూత పూసినదో కంటితో తేల్చటం అసాధ్యం. వర్డ్‌లో స్టైల్ ఇన్స్‌పెక్టర్ అనే సాధనం ఈ తేడాను బయటపెడుతుంది గాని, దాన్ని వెతికి పట్టుకోవాలి. 2023లో వెలువడిన లిబ్రేఆఫీస్ 7.6లో, ఏ పేరాకు ఏ స్టైలున్నదో, ఎక్కడ చేతి ఫార్మాటింగ్ ఉన్నదో రంగులతో, అంకెలతో ఎత్తిచూపే ఏర్పాటును ప్రవేశపెట్టారు. ఇది ఆలస్యంగా వచ్చినా ఆహ్వానించదగినది.

పై పొరను తొలగించటం కష్టం కాదు. వర్డ్‌లో పాఠాన్ని ఎంపికచేసి కంట్రోల్, స్పేస్ మీటలు కలిపి నొక్కితే అక్షరాలపై చేతి ఫార్మాటింగ్ పోతుంది. కంట్రోల్, క్యూ మీటలతో పేరాకు చేసినది పోతుంది. రైటర్‌లో ఫార్మాట్ మెనూలో ఇందుకు ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఉన్నది. వేరేచోటి నుంచి తెచ్చి అతికించిన పాఠానికి ముందుగా ఈ స్నానం చేయించటం మంచిది.

తెలుగు విషయంలో విశేషం

ఈ సమస్య తెలుగువారికి మరొక రూపంలో ఇదివరకే ఎదురైనది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు టైపు చేయటానికి వాడిన ఫాంట్లలో, రోమన్ అక్షరాల సంఖ్యల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు ఉండేవి. తెరపై 'క' కనబడేది గాని, కంప్యూటర్‌లో దాగి ఉన్నది 'క' కాదు. ఏదో ఒక రోమన్ సంకేతం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌పై పత్రాన్ని తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు మిగిలేది. అంటే ఆ అక్షరానికి వేషం తప్ప పేరు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు అక్షరాలకు స్వంత సంఖ్యలు లభించినవి. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. ఫాంటు మారితే 'క' ఆకారం మారుతుంది గాని 'క' అనే గుర్తింపు మారదు. పూత పూసిన శీర్షిక పాత ఫాంటులోని అక్షరం వంటిది. పేరున్న శీర్షిక యూనికోడ్ అక్షరం వంటిది. అక్షరం స్థాయిలో ఎంతో నష్టపడి నేర్చుకొన్న పాఠాన్ని పేరా స్థాయిలో మరచిపోరాదు.

ఐతే తెలుగులో స్టైళ్ళు వాడేవారికి ఒక నిజమైన అడ్డంకి ఉన్నది. వర్డ్, రైటర్ రెండూ తెలుగును 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అనే వర్గంలో చేర్చినవి. ఒకే స్టైలులో రోమన్ లిపికి ఒక ఫాంటు, ఒక సైజు, ఒక లావు. కాంప్లెక్స్ లిపులకు వేరొక ఫాంటు, వేరొక సైజు, వేరొక లావు నమోదై ఉంటవి. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు హెడింగ్ స్టైలులో మొదటి గడిలో సైజు మారుస్తాడు. శీర్షికలో ఉన్న రోమన్ అక్షరాలు పెరుగుతవి. తెలుగు అక్షరాలు అట్లాగే ఉంటవి. స్టైళ్ళు తెలుగుకు పనికిరావని తీర్మానించి ఆయన పాత దారికే మళ్ళుతాడు. నిజానికి రెండవ గడిలో కూడ అదే మార్పు చేస్తే సరిపోయేది. రైటర్‌లో ముందుగా భాషల అమరికలో కాంప్లెక్స్ లిపుల సదుపాయం ఎంపికై ఉన్నదో లేదో చూసుకోవాలి. పనిముట్లు తెలుగుకు ఇచ్చిన స్థానం రెండవ గడి మాత్రమే కావటం విమర్శింపదగిన విషయమే. కాని ఆ గడి ఉన్నదని తెలిసినవారికి అది అడ్డంకి కాదు.

స్టైళ్ళతో పాటు వచ్చే రూపాలు కూడ రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని ఏర్పరచినవే. 'ఎంఫసిస్' అనే స్టైలు అక్షరాలను వాల్చివేస్తుంది. తెలుగు అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు. వాల్చిన గుండ్రని అక్షరాలు చదవటానికి ఇబ్బంది కలిగిస్తవి. లావు రూపం లేని ఫాంటుకు బోల్డ్ తగిలిస్తే యంత్రం అక్షరాన్ని కృత్రిమంగా మందం చేస్తుంది. చిన్న సున్నల లోపలి ఖాళీలు పూడిపోతవి. పంక్తుల మధ్య దూరాన్ని కచ్చితమైన కొలతగా బిగిస్తే 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటలలో వత్తులు కోసుకుపోతవి. ఈ మూడింటినీ చేతితో పుటపుటకూ సవరించటం ఎవరి తరమూ కాదు. స్టైలులో ఐతే ఒక్కసారి సవరిస్తే చాలు. 'ఎంఫసిస్' అనే పేరును అట్లాగే ఉంచి, దాని రూపాన్ని వాలు నుంచి వేరొక ఫాంటుకో, రంగుకో మార్చుకోవచ్చు. నొక్కిచెప్పటం అనే భావానికి రోమన్ లిపిలో ఒక వేషం, తెలుగులో మరొక వేషం ఉండవచ్చునని అంగీకరించే పద్ధతి స్టైలు ఒక్కటే. కనుక పరాయి లిపికోసం కుట్టిన చొక్కాను విప్పి తెలుగుకు తగిన చొక్కా తొడగాలన్నా స్టైలే శరణ్యం.

కంటితో చూడలేని విద్యార్థి

ఇంతవరకు చెప్పినది సౌకర్యం మాట. ఇకముందు చెప్పేది హక్కు మాట. చూపు లేని విద్యార్థి కంప్యూటర్‌పై పాఠం చదవటానికి స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రామును ఉపయోగిస్తాడు. అది తెరపైనున్న పాఠాన్ని చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అట్టి ప్రోగ్రాములలో ఒకటి. దాన్ని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. అందులో బ్రౌజ్ పద్ధతిలో ఉన్నప్పుడు హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకు, 1 మీట నొక్కితే తరువాతి మొదటి స్థాయి శీర్షికకు, 2 మీట నొక్కితే రెండవ స్థాయి శీర్షికకు పోవచ్చు.

పైన చెప్పిన 12 పాఠాల నోట్సులో తొమ్మిదవ పాఠంలోని మూడవ ఉపశీర్షికను చదవాలనుకొన్న విద్యార్థి, శీర్షికలకు పేర్లుంటే, 1 మీటను తొమ్మిదిసార్లు, 2 మీటను మూడుసార్లు నొక్కుతాడు. పన్నెండు నొక్కులతో గమ్యం చేరుతాడు. శీర్షికలు చేతితో పూత పూసినవైతే ఈ మీటలు ఏ పనీ చేయవు. లావు, సైజు, రంగు - ఇవి చూసేవారికి ఇచ్చిన గుర్తులు. వినేవారికి అవి శీర్షికలుగా అందవు. ఆ విద్యార్థి మాటకు మాట వెతుక్కోవాలి, లేదా ఎనిమిది పాఠాలనూ దాటుకుంటూ వినాలి. తోటి విద్యార్థి పుటలు తిప్పి రెండు క్షణాలలో చేసే పని ఇతనికి గంటల పని అవుతుంది. ఇద్దరికీ ఇచ్చినది ఒకే నోట్సు. కాని ఇద్దరికీ అందినది ఒకటి కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ముద్రణ, శబ్ద, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని విషయం అందుబాటు రూపంలో ఉండేటట్లు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని నిర్దేశించింది. చట్టం మాట అటుంచినా, ఇందుకు ఉపాధ్యాయుడు అదనంగా వెచ్చించవలసినది ఏమీ లేదు. శీర్షికను ఎట్లాగూ దిద్దుతాడు. ఏ మీటతో దిద్దాడనేదే ప్రశ్న. పత్రాన్ని పి.డి.ఎఫ్. గా మార్చేటప్పుడు తగిన అమరికలు ఎంపికచేస్తే ఈ పేర్లు అందులోకి కూడ చేరుతవి. లేని పేరు మాత్రం ఏ అమరికతోనూ చేరదు.

ఎదుటి వాదం

స్టైళ్ళను విమర్శించేవారి మాటల్లో కూడ కొంత సత్యం ఉన్నది. ఒక్క పుట సెలవు చీటీకి, గోడకు అంటించే ప్రకటనకు స్టైళ్ళతో పనిలేదు. ఆహ్వానపత్రిక వంటివాటిలో రూపమే ప్రధానం. అక్కడ ప్రతి పంక్తినీ విడిగా తీర్చిదిద్దటం తప్పు కాదు. వర్డ్‌లో 'ఆటోమేటికల్లీ అప్‌డేట్' అనే గడిని ఎంపికచేస్తే, ఒక శీర్షికలో చేసిన చిన్న మార్పు పత్రంలోని శీర్షికలన్నిటికీ పాకి వాడేవారిని కంగారుపెడుతుంది. ఆ గడిని ఖాళీగా వదలటం మంచిది. ఇతర పత్రాల నుంచి అతికించిన పాఠంతో పాటు వాటి స్టైళ్ళు కూడ వచ్చి చేరి జాబితా పెరిగిపోతుంది. 'నార్మల్' స్టైలును మారిస్తే దానిపై ఆధారపడిన స్టైళ్ళు కూడ మారుతవి. ఈ వంశక్రమం తెలియనివారికి అది దయ్యాల చేష్టగా కనబడుతుంది.

ఇవన్నీ వాస్తవాలే. ఐతే ఇవి నేర్చుకొంటే తీరే ఇబ్బందులు. చేతి ఫార్మాటింగ్ వలన కలిగే ఇబ్బంది ఎంత నేర్చినా తీరదు. పుటలు పెరిగినకొద్దీ అది కూడ పెరుగుతుంది. పైగా వంశక్రమం తెలిసినవారికి అదే ఉపకారి. శీర్షికలన్నిటినీ ఒక మూలస్టైలుకు సంతానంగా ఏర్పరిస్తే, మూలంలో ఫాంటు మార్చగానే శీర్షికలన్నీ మారుతవి; ఒక్కొక్కదాని సైజు మాత్రం దానికే ఉంటుంది.

మరొక హెచ్చరిక కూడ అవసరం. స్టైలు వాడుతూనే దాని ఉద్దేశాన్ని దెబ్బతీయవచ్చు. కొందరు 'ఎర్ర బోల్డ్', 'పెద్ద అక్షరం' అని పేర్లు పెడతారు. రేపు ఆ ఎరుపును నీలంగా మారిస్తే 'ఎర్ర బోల్డ్' అనే పేరుతో నీలపు అక్షరాలు కనబడతవి. పేరు రూపాన్ని కాక ధర్మాన్ని చెప్పాలి. విజ్ఞానశాస్త్రపు నోట్సుకు 'నిర్వచనం', 'సూత్రం', 'ప్రయోగం', 'జాగ్రత్త', 'ప్రశ్న' అనే ఐదు స్టైళ్ళు చాలినన్ని. ఈ పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఏది నిర్వచనమో, ఏది వివరణో తేల్చుకోకుండా ఈ పేర్లు పెట్టటం సాధ్యం కాదు. కనుక పేరు పెట్టే అలవాటు రాతకే కాక ఆలోచనకు కూడ క్రమశిక్షణ నేర్పుతుంది.

తరగతిలో చేయదగినది

కంప్యూటర్ పాఠాలలో సాధారణంగా బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ అనే మూడు మీటలతో వర్డ్ ప్రాసెసర్ పరిచయం ప్రారంభమవుతుంది. స్టైళ్ళ ప్రస్తావన వచ్చినా చివరకు, తీరిక ఉంటే చెప్పే అంశంగా వస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేయటం అవసరం. మొదటి గంటలోనే హెడింగ్ 1, హెడింగ్ 2, మామూలు పేరా అనే మూడు పేర్లు నేర్పితే, మిగిలిన మీటలను విద్యార్థి అడగకుండానే కనిపెట్టుకొంటాడు.

పరీక్ష విధానం కూడ మారాలి. పూర్తయిన పుటను చూసి మార్కులు వేస్తే పేరున్న శీర్షికకు, పూత పూసిన శీర్షికకు ఒకే మార్కులు పడతవి. దానికి బదులు విద్యార్థికి మూడు పనులు ఇవ్వవచ్చు. ఉపశీర్షికలన్నిటి రంగును ఒక్క మార్పుతో మార్చటం. విషయసూచికను యంత్రం చేత తయారుచేయించటం. రెండవ పాఠాన్ని నావిగేషన్ జాబితాలో పట్టుకొని మొదటి పాఠానికి పైన చేర్చటం. పూత పూసినవారికి ఈ మూడూ సాధ్యం కావు. పేరు పెట్టినవారికి మూడు నిమిషాలు చాలు. పాఠశాలలో అందరూ వాడుకొనేటట్లు తెలుగు ఫాంటు, పంక్తుల మధ్య దూరం, శీర్షికల స్టైళ్ళు ముందుగానే సరిచేసిన ఒక నమూనా పత్రాన్ని టెంప్లేటుగా భద్రపరచుకొంటే రెండవ గడి చిక్కు కూడ ఒకరికి ఒకసారితోనే తీరిపోతుంది.

విజ్ఞానశాస్త్రంలో వర్గీకరణకు ఉన్న ప్రాముఖ్యం ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. తిమింగలం చేపవలె ఈదుతుంది, చేపవలె కనబడుతుంది. ఐనను దాన్ని క్షీరదమని చెప్పటానికి ఆధారం దాని ఆకారం కాదు, దాని ధర్మం. తరగతిలో ఈ భేదాన్ని బోధించే నోట్సులోనే పెద్దగా కనబడే పంక్తిని శీర్షికగా చలామణీ చేయటం తగదు. శీర్షికకు పేరు పెట్టటం ఒక మీట పని. ఆ ఒక్క మీట వలన నోట్సు దిద్దేవారికి శ్రమ తగ్గుతుంది. కంటితో చదివేవారికి క్రమం కనబడుతుంది. చెవితో చదివేవారికి దారి దొరుకుతుంది.